టాంకీ మూత మీద ముడి

"ఇంట్ల కుండెడు సల్ల ఉండంగ మల్ల ఈ ప్యాకెట్టు ఎందుకురా?" అని మా అత్తమ్మ కొమురవ్వ అడగడంతో ఆ మధ్యాహ్నం గొడవ మొదలైంది.

ప్యాకెట్టు నా తమ్ముడు పరుశురాం చేతిలో ఉంది. జీలకర్ర పొడి వేసిన మజ్జిగ. సూరత్‌లో దాన్ని చాస్ అంటారు. ప్యాకెట్టు మూలను పంటితో కొరికి, గోడకు వీపు ఆనించి, మెల్లగా నోట్లోకి వంపుకుంటున్నాడు.

"దీంట్ల జీర ఉంటది అత్తా. ఎండకు పానం సల్లబడ్తది."

"మనింట్ల జీర లేదా? మీ అక్కను అడిగితే ఎయ్యకపోవునా?"

"గింత సల్లగ ఉండదు గదా."

"ఫ్రిజ్జు ఉత్తగనే ఉన్నదా మరి?"

"మాటిమాటికి ఫ్రిజ్జు తెరిస్తే కరెంటు కాలుతదని తిట్టేది ఎవరత్తా?"

నా భర్త నరహరి ఫక్కున నవ్వాడు. అత్తమ్మకు కూడా నవ్వొచ్చింది గాని కొంగు అడ్డం పెట్టుకుంది. గొడవ అక్కడితో తెగిపోవలసింది. మామ ఆగయ్య మాత్రం కంచంలోంచి తల ఎత్తకుండా అన్నాడు: "రోజుకొక ప్యాకెట్టు. ఏడికెల్లి వస్తున్నయో ఒక్కలన్న అడుగుండ్రి."

ఎవరూ అడగలేదు. మేముండేది సూరత్ బమ్రోలిలో, సాంచాల కార్ఖానా మీది అంతస్తులో. సాంచాలంటే మరమగ్గాలు. కింద నలభై సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే మా కంచాల్లో పప్పు కూడా సన్నగా వణుకుతుంది. ఆ చప్పుడులో మనుషులు మాట్లాడటం మానేసినా ఇల్లు మూగబోయినట్టు తెలియదు. ఆ రోజు తెలిసింది. పరుశురాం ప్యాకెట్టు పూర్తిగా తాగకుండానే మడిచి చెత్తబుట్టలో వేసి, బండి తాళం చెవి తీసుకుని మెట్లు దిగిపోయాడు.

అది ఏప్రిల్ నెల మొదటి వారం. బండి అంటే మామ ముప్పై ఏళ్లు సాంచాలు నడిపి, చెవులు పాడుచేసుకుని, చివరికి కొన్న పాత పికప్. పన్నెండేళ్ల డీజిల్ బండి. బమ్రోలి కార్ఖానాల్లో నేసిన తెల్ల గుడ్డ తానులను సచిన్‌లోని రంగుల మిల్లుకు చేర్చే పని దానిది. నరహరి కింది కార్ఖానాలోనే సాంచాలు బాగుచేసే మాస్టర్. బండి నడిపే తీరిక అతనికి లేదు. అందుకని నిరుడు సిరిసిల్ల నుంచి నా తమ్ముణ్ణి పిలిపించాం. మా ఇంట్లోనే ఉంటాడు, మా ఇంట్లోనే తింటాడు.

మజ్జిగ సంగతి ఊరికే వచ్చింది కాదు. ఐదు రోజులు రావలసిన డీజిల్ మూడు రోజులకే అయిపోతోందని మామ అప్పటికి నెల రోజుల నుంచి గొణుగుతున్నాడు. "వంతెన పని నడుస్తున్నది మామా, దారి మూసిన్రు. సుట్టు తిరిగి పోవాలె" అని పరుశురాం మార్చిలోనే చెప్పాడు. విని ఊరుకున్నాం. ఎంత చుట్టో చూసి వద్దామని ఎవరం అనుకోలేదు. మామే ఒక దారి కనిపెట్టాడు. సోమవారం, గురువారం పొద్దున్నే తాను కూడా బండెక్కి పంపు దాకా పోవడం, టాంకీ మెడ దాకా నింపించడం, ఇంటి ముందుకు వచ్చాక మూతకు దారం చుట్టి ముడి వేయడం.

"సాంచాల దూది అంత గాలిల్నే ఉంటది. టాంకీలకు పోకుంట" అన్నాడు మొదటి రోజు.

ఎవరికీ నవ్వు రాలేదు. అది తెగిన పోగును అతికే ముడి. రెండు వేళ్ల మధ్య పుట్టి కంటికి కనబడకుండా బిగుసుకుపోతుంది. మామ వేసిన ముడి ఇంకొకరు విప్పి మళ్లీ అలాగే వేయలేరు. అదీ చాలదన్నట్టు కార్ఖానాలో మిగిలిన కండెల నుంచి రోజుకో రంగు దారం ఏరుకొచ్చేవాడు. సోమవారం నీలం కడితే గురువారం గులాబీ. ఏ రోజు ఏ రంగో ముందుగా చెప్పేవాడు కాదు.

పరుశురాం నిలబడి చూశాడు. "నువ్వే కట్టు, నువ్వే ఇప్పు మామా. ఆ దిక్కు నేను చెయ్యి పెట్ట" అని చెప్పి, తడిబట్ట తీసుకుని ముందు అద్దం తుడుచుకున్నాడు. అన్నమాట మీద నిలబడ్డాడు కూడా. ఆ తరువాత ఆ మూతను వాడు వేలితో తాకగా నేను చూడలేదు.

దారం ఒక్కటే కడితే జారింది. సచిన్ పోయి వచ్చేసరికి మూత మీద వదులుగా వేలాడుతోంది. పై నుంచి చూసిన నాకు ఆ పని నచ్చలేదు. ఏ పనైనా సగం సగం చేస్తే నాకు చేతులు ఊరుకోవు. నూలు కండెలకు చుట్టి వచ్చే మందపాటి ప్లాస్టిక్ కవరు తెచ్చి, రెండు మడతలు వేసి, మూత మీద టోపీలాగా తొడిగాను. పాత సైకిల్ ట్యూబు లోంచి జానెడు ముక్క కోసి, మెడ చుట్టూ సాగదీసి బిగించాను. దాని మీద మామ దారం. ఈసారి ఇసుమంత కదలలేదు.

"ముద్దుగ కూసున్నది బిడ్డా" అన్నాడు మామ.

ఇంత గట్టిగా కట్టాక నా తమ్ముణ్ణి ఎవరూ దొంగ అనలేరు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. వాడు తీస్తున్నాడో లేదో తెలుసుకోవాలని నాకూ ఉంది. అది మిగతా సగం.

ఆ వారం నుంచి బండి దారిలో ఆగడం మొదలైంది.

ఒకే రకంగా ఆగేది. భేస్తాన్ దాకా బాగానే పోతుంది. అక్కడికి పోయేసరికి ఆయాసం వచ్చినట్టు బలం తగ్గుతుంది, ఎంత తొక్కినా అందుకోదు, చివరికి ఆరిపోతుంది. ఎంత తిప్పినా అంటుకోదు. ఓ పావుగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. మళ్లీ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. ఒక రోజు రెండుసార్లు, ఒక రోజు అసలు లేదు. మిల్లులో మాల్ దిగడం ఆలస్యమైన ప్రతిసారీ కార్ఖానా సేట్ ఫోను చేసేవాడు. రెండో వారానికి, ఇలాగే ఉంటే వేరే టెంపో చూసుకుంటానని హిందీలో, గుజరాతీలో, రెండిట్లోనూ చెప్పాడు.

మామ బండిని పాండేసరాలో రాజమల్లు గ్యారేజీకి తీసుకుపోయాడు. రాజమల్లు మా వైపువాడే, చేయి తిరిగిన మేస్త్రీ. డీజిల్ ఫిల్టరు మార్చాడు. పైపుల్లో గాలి చేరిందేమోనని తీశాడు. వైర్లు బిగించాడు. తానే నడుపుకుంటూ సచిన్ దాకా పోయి వచ్చాడు. బండి గుర్రంలాగా పోయింది. ఇంటికొచ్చిన మూడో రోజున భేస్తాన్‌లో ఆగింది. మళ్లీ గ్యారేజీ, మళ్లీ గుర్రం. మూడోసారి కూడా అంతే.

గ్యారేజీకి పోయే ముందు మామ కిందకు వంగి దారం తెంపి, రబ్బరు లాగి, ప్లాస్టిక్ టోపీని జేబులో పెట్టుకోవడం నేను పై నుంచి చూసేదాన్ని. "మనింటి ముచ్చట బయటోనికి ఎందుకు?" అన్నాడు ఒకసారి. నిజమే అనిపించింది. సొంత మనిషి మీద కాపలా కట్టామని మేస్త్రీకి ఎలా చెప్పుకుంటాం?

మూడోసారి రాజమల్లు చేతులు తుడుచుకుంటూ అన్నాడట: "కాకా, బండిల రోగం లేదు. నడిపేటోని మీద జర కన్నెయ్యి."

ఆ మాట మామతో పాటు ఇంటికి వచ్చింది.

వంటగది గోడకు ఉన్న క్యాలెండర్ మీద నేను పాల లెక్క రాస్తాను. దాని పక్కనే, బండి ఆగిన రోజున పెన్సిల్‌తో చిన్న గీత పెట్టడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. బీఎస్సీ చదివేటప్పుడు మా మేడం అనేది, జ్ఞాపకం మీద ఆధారపడొద్దు, రాసుకోండి అని. మూడు వారాలయ్యాక ఆ గీతలు వరసగా చూశాను. గీతలన్నీ సోమవారం, గురువారం. అరుదుగా ఒక మంగళవారం. బుధవారం లేదు, శనివారం లేదు. అంటే టాంకీ నిండుగా ఉన్న రోజే బండి ఆగుతోంది. డీజిల్ తగ్గిపోయిన రోజు ఆగడం లేదు. నిండు టాంకీతో, ఎప్పుడూ అదే భేస్తాన్‌లో, పావుగంట.

ఆ తరువాత నాకు అన్నీ కనబడసాగాయి. వాడి కొత్త చెప్పులు కనబడ్డాయి. ఫోను మోగితే మెట్ల మీదకు పోయి మాట్లాడటం కనబడింది. బట్టలు ఉతికేటప్పుడు వాడి జేబురుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. డీజిల్ వాసన. డీజిల్ బండి నడిపేవాడి రుమాలు ఇంకే వాసన వస్తుంది? అయినా రెండోసారి వాసన చూశాను.

పొద్దున చాయ్ ఇస్తూ నరహరికి క్యాలెండర్ చూపించాను.

"నిండు టాంకీ ఉన్న దినమే ఆగుతున్నది" అన్నాను.

"అంటే?"

"అంటే ఏందో నువ్వే జూడు."

అతను గీతల మీద వేలు పెట్టుకుంటూ పోయాడు. "నీ తమ్ముడే గదనే" అన్నాడు నెమ్మదిగా.

"గందుకే నేనే చెప్తున్న. కానీ మామ ముడి ఒక్కసారి గూడ తెగలే."

"పైకెల్లే తియ్యాల్నా? కింద పైపు ఉండదా? మిషిన్ల పని జేసేటోన్ని, నాకు తెల్వదా?"

అనుమానానికి ఒక సందు మూస్తే ఇంకో సందు దొరుకుతుంది. ఆ సాయంత్రానికి క్యాలెండర్ సంగతి మామకు చేరింది. నేనే మోసి ఉంటే ఇంకొంచెం నెమ్మదిగా చేరేదేమో.

మామ కేకలు వెయ్యలేదు. "నేను గంగారాంను అడిగి పెట్టిన. మంచి డ్రైవర్. ఆదివారం అందరం తినంగ పరుశురాంకు చెప్త. తాళం చెవి ఇచ్చి ఊరికి పొమ్మంట. మనోడే, లొల్లి ఎందుకు?" అన్నాడు.

ఊరికి పొమ్మంటే ఏమవుతుందో నాకు తెలుసు. బమ్రోలిలో అన్న మాట రైలు కన్నా ముందు సిరిసిల్ల చేరుతుంది. డీజిల్ దొంగ అనే పేరుతో దిగితే వాడి చేతికి ఎవరూ ఇంకో బండి తాళం ఇవ్వరు. వాడికి వేరే పని రాదు. అయినా నేను నోరు తెరవలేదు. ఆ గీతలు నా చేతివే.

అడ్డం పడింది అత్తమ్మ. "ఊకెనే ఒకన్ని దొంగ అనొద్దు. కండ్ల జూసినంక అనాలె. సంధ్యా, గురువారం నువ్వు వాని ఎంబడి పో. అక్కవు, నీ మీద అనుమానపడడు. సచిన్‌ల ఉండే మనూరి మంగను సూడ పోతున్న అని చెప్పు. బాలింత, కాయం ఇచ్చొస్త అను."

గురువారం మామ పసుపు రంగు దారం కట్టాడు. నేను బాలింతలకు పెట్టే కాయం లేహ్యం డబ్బా ఒళ్లో పెట్టుకుని పరుశురాం పక్కన కూర్చున్నాను. వెనకాల తానులు నిండుగా ఉన్నాయి.

"మంగక్క కాడికా?" అన్నాడు.

"ఆఁ. కాయం ఇచ్చొస్త."

వాడు బండి తీశాడు. వంతెన దగ్గర దారికి అడ్డంగా రేకులు పెట్టి ఉన్నాయి. బండి ఎడమకు తిరిగి, గోదాముల మధ్య నుంచి, పట్టాల వెంట, చెత్తకుప్పలు దాటి, చాలాసేపు పోయింది. చేరింది మాత్రం ఆ రేకుల అవతలికే. "ఇదేనా సుట్టు?" అని అడిగాను. "ఇదే" అన్నాడు. మార్చి నెలలో చెప్పినప్పుడు వాడి గొంతు ఎలా ఉందో నాకు గుర్తు రాలేదు. అంత చెవిపెట్టి వినలేదు.

భేస్తాన్‌లో బండికి ఆయాసం మొదలైంది. నేను వాడి కాళ్ల వైపే చూస్తున్నాను. కాలు పూర్తిగా తొక్కే ఉంది. చేతులు కదల్లేదు, దేన్నీ నొక్కలేదు, తిప్పలేదు. బండి తనంత తానే ఆరిపోయింది. వాడు అలవాటైన మనిషిలాగా పక్కకు లాగి, దిగి, బానెట్ ఎత్తి పెట్టాడు. ఎదురుగా చిన్న దుకాణం. దుకాణపాయన అడగకుండానే చాస్ ప్యాకెట్టు ఒకటి చేతిలో ఊపాడు.

"ఇయ్యాల రెండియ్యి కాకా, మా అక్క వచ్చింది" అని హిందీలో కేక వేశాడు పరుశురాం. నా వైపు తిరిగి, "పావుగంట పడ్తది. ఇంజను మీద ఉంటే కాలుతది, కిందికి దిగు" అన్నాడు.

ఎండ తల మీద కొట్టినట్టుంది. వాడు దుకాణం వైపు పోగానే నేను బండి వెనకగా టాంకీ దగ్గరికి పోయాను. నన్ను పంపింది దానికే కదా. కింద మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పైపులు పొడిగా, దుమ్ము పట్టి ఉన్నాయి. ఎవరి చేతి గుర్తూ లేదు. పసుపు దారం పొద్దున కట్టినట్టే ఉంది. ముడి ముడిగానే ఉంది.

కానీ నా టోపీ పొద్దున ఉన్నట్టు లేదు.

పొద్దున తొడిగినప్పుడు ప్లాస్టిక్ వదులుగా, కొంచెం ఉబ్బుగా ఉంది. ఇప్పుడు మూతకు తడిబట్టలాగా అతుక్కుపోయింది. మూత అంచున ఉన్న గాట్లు లెక్కపెట్టొచ్చు. నడిమధ్యన, మూతకు కందిగింజంత రంధ్రం ఉన్నచోట, ప్లాస్టిక్ లోపలికి గుంట పడింది. లోపల ఎవరో కూర్చుని పీలుస్తున్నట్టు.

వేడి అన్నం డబ్బాలో పెట్టి మూత బిగిస్తే చల్లారాక మూత రాదని నరహరి రోజూ నన్ను కసురుకుంటాడు. నేను రోజూ అదే పని చేస్తాను. మూత ఎందుకు రాదో బీఎస్సీ మొదటి ఏడాదిలోనే చదువుకున్నాను.

మంగళసూత్రానికి ఉన్న పిన్నీసు తీసి ఆ గుంటలో పొడిచాను. ఈల లాంటి సన్నటి చప్పుడు. గాలి బయటికి కాదు, లోపలికి పోతోంది. నేను పది దాకా లెక్కపెట్టినా ఆగలేదు. గుంట మెల్లగా పైకి లేచి, ప్లాస్టిక్ మళ్లీ ముడతలు పడింది.

"పరుశురాం! తాళం తిప్పు."

"ఇంకా ఐదు నిమిషాలు గూడ కాలే అక్కా. అంటుకోదు."

"తిప్పురా, చెప్తున్న గదా."

వాడు రెండు ప్యాకెట్లు సీటు మీద పడేసి తాళం తిప్పాడు. మొదటిసారికే అంటుకుంది. వాడు ఆపి మళ్లీ తిప్పాడు. మళ్లీ అంటుకుంది. దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా చేతిలో పిన్నీసు చూశాడు, టోపీ మీద పడిన చిల్లి చూశాడు. అప్పుడు కూడా చెయ్యి చాపి తాకలేదు.

"డీజిల్ పోయిన జాగలకు గాలి రావాలె" అన్నాను. "ఆ మూతకు రంధ్రం అందుకే ఉన్నది. దాన్ని మూసేసినం. నిండు టాంకీల ఉండే గాలే కొంచెం. అది జల్ది పలచబడి డీజిల్‌ను ఎనక్కి గుంజుతున్నది. పావుగంటల సందులకెల్లి కొంచెం గాలి చేరితే మల్ల లేస్తున్నది. సగం టాంకీ ఉన్న దినం లోపల గాలి ఎక్కువుంటది. అందుకే బుధవారం ఆగలే."

వాడు విన్నాడు. "ఈ రబ్బరు నువ్వు బిగించిందే గదా?" అన్నాడు.

"అవును."

సచిన్ దాకా బండి ఆగలేదు. మిల్లు గేటు కనబడ్డాక, ముందుకే చూస్తూ అన్నాడు: "మంగక్క కొడుక్కు పాలపండ్లొస్తున్నయ్ అక్కా. నువ్వింక బాలింత కాయం పట్కపోతున్నవ్."

నా ఒళ్లో డబ్బా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఇంట్లో చెబితే మామ నమ్మలేదు. "పిన్నీసుతోని బండి బాగైతదా? తమ్ముని మీద మాట రాకుంట చెప్తున్నవ్" అన్నాడు. నాకు కోపం రాలేదు. నా మాట నిజమైతే రెండోసారి కూడా నిజమవ్వాలి. "టాంకీ మల్ల నింపుండ్రి. మీరే కట్టుండ్రి. రాజమల్లును నడపమనుండ్రి. చిల్లి లేని కవరు నేనిస్త" అన్నాను.

శనివారం పొద్దున అలాగే పోయారు. రాజమల్లు నడిపాడు, పక్కన మామ, నరహరి. పరుశురాంను రమ్మన్నా రాలేదు. ఇంట్లో కూర్చుని వాడి బట్టలు వాడే ఇస్త్రీ చేసుకున్నాడు. పది దాటాక మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. ముందు రాజమల్లు వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ టోపీ.

"భేస్తాన్ కాడ ఆగింది, సరిగ్గ" అన్నాడు నాతో. "ఇది గుంజి పారేసిన, లేచింది. మల్ల కట్టిన, మల్ల ఆగింది. కాకా, మూడుసార్లు నా కాడికి బండి తెస్తివి. ఈ మూటను ఒక్కసారి గూడ చూపియ్యకపోతివి?"

"యాది లేకుండె" అన్నాడు మామ.

"మంచిగ చేసిన్రు. బండికి కడుపు నిండ తాపి ముక్కు మూసిన్రు!" రాజమల్లు పెద్దగా నవ్వాడు. ఒక్కడే నవ్వుతున్నానని తెలిసి ఆపాడు. మూలన ఇస్త్రీ చేస్తున్న పరుశురాం వైపు తిరిగాడు. "తమ్మీ, నడిపేటోని మీద కన్నెయ్యి అంటి నేను. నా తప్పాయె."

"నీదేముంది అన్నా, నువ్వు చూసిందే చెప్పినవ్" అన్నాడు పరుశురాం.

తప్పాయె అన్నది ఆ ఇంట్లో బయటివాడు ఒక్కడే.

ఆదివారం అత్తమ్మ కోడి కూర వండింది. అడగకుండానే పరుశురాంకు కాలు ముక్కలు రెండూ వేసింది. నేను వడ్డిస్తున్నాను. కార్ఖానాకు సెలవు, సాంచాలు ఆగి ఉన్నాయి. ముద్ద కలిపే చప్పుడు కూడా వినబడుతోంది.

మామ గొంతు సవరించుకున్నాడు. "కొత్త మూత తెచ్చిన. తాళం ఉన్నయి గూడ ఉండె దుకాణంల. ఉత్తదే తెచ్చిన" అన్నాడు. అది ఆయన నోటి నుంచి రాగలిగినంత.

"ముడి మామది, రబ్బరు నాది" అన్నాను నేను. "అసలు కట్టకపోతే మంచిగుండు."

"అరే, ఇప్పుడెందుకే అవన్నీ!" నరహరి నవ్వు తెచ్చుకున్నాడు. "అసలు మీ అక్కకే ఇనాం ఇయ్యాలె బామ్మర్దీ. రోజూ క్యాలెండర్ మీద గీతలు పెట్టబట్టి గదా రోగం దొరికింది!"

"తెలుసు బావా" అన్నాడు పరుశురాం. "మొదటి గీతకెల్లి చూస్తనే ఉన్న. పాల లెక్క పక్కపొంటనే ఉండె గదా."

నా చేతిలో గరిటె గిన్నె అంచుకు తగిలింది. వాడు నా వైపు చూడలేదు. కోపంగా కూడా లేడు. కంచంలో ఎముకలను ఒక పక్కకు చేర్చి, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"మామా, ఒక ముచ్చట చెప్పాలె. బండి ఇడువ. సేట్ మాల్ ఒక్క దినం గూడ ఆగనియ్య. గంగారాంను వద్దని చెప్పుండ్రి."

మామ తల ఎత్తాడు. గంగారాం పేరు వాడి ముందు ఎవరూ ఎత్తలేదు.

"కానీ భేస్తాన్‌ల ఒక అర్ర మాట్లాడుకున్న. ఒకటో తారీఖుకెల్లి ఆడనే ఉంట, ఆడనే వండుకుంట. పొద్దుగాల వచ్చి బండి తీస్త, మాపటికి తెచ్చి కింద పెట్టి, తాళం చెవి అత్త చేతికిచ్చి పోత."

"అట్లెట్లరా?" అంది అత్తమ్మ. "అక్క ఉన్న ఊళ్లె వేరే అర్రల ఉంటవా? నలుగురు ఏమంటరు? ఇంటికి రావా ఇగ?"

"ఎందుకు రాను అత్తా? పండుగకు పిలువుండ్రి, వస్త. సుట్టం లెక్క వస్త."